చైను విప్పే ముందు: నెల్లూరులో కుక్కల గుంపు నడకపై ఒక సమీక్ష

మా కర్రికి మూడేళ్లు. నల్ల లాబ్రడార్ తల్లికీ వీధిలోని నాటుకుక్కకూ పుట్టిన ఈ ఆడకుక్క మా డాబా మీద ఎంతసేపు పరుగెత్తినా అలసట ఎరుగదు; చైను పట్టుకుని వీధిలోకి వెళితే అది నన్ను లాక్కుపోవడమే తప్ప నా వెంట నడిచింది లేదు. అందుకే, కుక్కలను గుంపుగా ఊరి బయటికి తీసుకువెళ్లి, చైన్లు విప్పి, ఒక క్రమం ప్రకారం రెండు గంటలు నడిపించి, తిరిగి ఇంటి దగ్గర దింపే సేవ ఒకటి నెల్లూరులో ఉందని తెలిసినప్పుడు, ఆదివారానికి 600 రూపాయలు కాస్త ఎక్కువే అనిపించినా కర్రిని చేర్చాను. పద్నాలుగు నెలలు చూసిన తరువాత రాస్తున్న మాటలివి. ఒక పొరపాటును కూడా చెప్పవలసి ఉన్నందున నిర్వాహకుల పేరు రాయడం లేదు.

డబ్బు కట్టిన వారమే కొండ దగ్గరికి తీసుకుపోతారని అనుకున్నాను కానీ, మొదటి నాలుగు ఆదివారాలు కర్రికి గుంపులో చోటే దొరకలేదు. టీకాల కార్డులో రేబిస్, డిస్టెంపర్, పార్వో టీకాల తేదీలు చూశారు. ఎదకు వచ్చిన ఆడకుక్కను ఆ మూడు వారాలూ పంపవద్దని ముందే చెప్పారు. ఆ తరువాత ఒక ఖాళీ లేఔట్‌లో, పది మీటర్ల తాడు మెడకు కట్టి, దాన్ని నేలమీద ఈడ్చుకుంటూ తిరగనిచ్చి, పిలిచి, వచ్చినప్పుడల్లా ఉడికించిన కోడి కాలేయం ముక్క పెట్టి, మళ్లీ వదిలేశారు. ఈ మళ్లీ వదిలేయడంలోనే కిటుకంతా ఉందని నాకు అక్కడే తెలిసింది. నేను ఇన్నాళ్లూ డాబా మీద కర్రిని పిలిచింది కట్టేయడానికి మాత్రమే. పిలుపు వినపడిందంటే ఆట అయిపోయిందని దానికి నేనే నేర్పి, మాట వినదని నలుగురిలో దాన్నే నిందించాను.

నడక ఎక్కువగా నెల్లూరికి పదిహేను కిలోమీటర్ల దూరంలోని నరసింహకొండ పరిసరాల్లో, గుడి మెట్ల దారికి దూరంగా, పొదలూ రాళ్లూ ఉన్న మెట్ట నేలలో సాగుతుంది. ఎనిమిది కుక్కలకు ముగ్గురు మనుషులు. వ్యాను దిగగానే చైన్లు విప్పరు. మొదటి అర కిలోమీటరు అన్నింటినీ ఒకే దిక్కుగా పక్కపక్కన నడిపిస్తారు, ఎందుకంటే కొత్త కుక్కలు ఎదురెదురుగా నిలబడితే కయ్యానికి దిగుతాయి గానీ, కలిసి నడిస్తే వాసన పరిచయం దానంతట అదే జరిగిపోతుంది. తరువాత నెమ్మదస్తురాలిని ముందు, దుడుకుదాన్ని చివర, ఒక్కొక్కటిగా విప్పుతారు. పది నిమిషాలకొకసారి విజిల్, ముక్క, మళ్లీ వదలడం. ఏ కుక్క తోక అయినా బిర్రబిగిసి, వీపు మీద వెంట్రుకలు లేచాయంటే దాన్ని వెంటనే పక్కకు పిలిచి కాసేపు చైనుకు కట్టి నడిపిస్తారు.

యజమానులు నెలకొకసారి వెంట వెళ్లవచ్చు. అలా వెళ్లిన ఒక ఉదయం, తుమ్మ చెట్ల మలుపులో మేకల మంద ఎదురైంది. విజిల్ రెండుసార్లు మోగింది, ఏడు కుక్కలు వెనక్కి వచ్చాయి. కర్రి రాలేదు. ఒక ముందుకాలు గాలిలో ఎత్తి, చెవులు నిక్కించి, తోక కదపకుండా మేకల వైపే చూస్తూ నిలబడిపోయింది. నేనైతే అరుస్తూ దాని వెంట పరుగెత్తేవాడిని, అదేదో ఆట అనుకుని అది మేకల మీదికి దూకేది. కుక్కలను నడిపించే ముగ్గురిలో ఒక కుర్రవాడు మాత్రం "కర్రీ" అని ఒక్కసారి పిలిచి, వెనక్కి తిరిగి అవతలి వైపు గబగబా నడవసాగాడు. రెండు క్షణాలు అటూ ఇటూ చూసి కర్రి అతని వెంట పరుగు తీసింది. "అబ్బయా, కట్టేసుకోండి, సూడి మేకలుండాయి" అని కాపరి కేకవేశాడు. ఆయన భయం న్యాయమైనదే, కుక్క కరవకపోయినా బెదిరి పరుగెత్తిన సూడి మేక ఈచుకుపోవచ్చు. మంద దాటేదాకా ఎనిమిదింటినీ కట్టి కూర్చోబెట్టారు.

నడక అయ్యాక వేళ్ల సందుల్లో పల్లేరు కాయలు, చెవి మడతల్లో పిడుదులు వెతుకుతారని కరపత్రంలో ఉంది. పల్లేరు కాయలు శ్రద్ధగానే తీస్తారు. పిడుదుల విషయంలో తొందరపడతారు. రెండుసార్లు సోమవారం ఉదయం నాకే దొరికాయి. పిడుదుల వల్ల వచ్చే జ్వరం కుక్క రక్తాన్ని దెబ్బతీస్తుంది కనుక ఇది చిన్న విషయం కాదు.

ఎండ విషయంలో వారిని మెచ్చుకోవాలి. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, నాలుక చాచి రొప్పడమే దాని ప్రధాన ఉపాయం, మన కోస్తా ఉక్కలో ఆ రొప్పు కూడా సరిగా పనిచేయదు. అందుకే ఉగాది దాటితే ఐదింటికే మొదలుపెట్టి ఏడులోపు ముగిస్తారు, రోహిణి కార్తెలో పూర్తిగా మానేసి డబ్బు కూడా తీసుకోరు. ముక్కు చప్పిడి జాతి పగ్‌ను వేసవి నడకకు రానివ్వలేదని మా పక్కింటాయన అలిగారు; ఆ కుక్క అదృష్టం.

పెంచలకోన తీసుకువెళ్లమని అడిగినవారికి, ఆ చుట్టుపక్కల పెనుశిల నరసింహ అభయారణ్యం ఉందని, కుక్కల రోగాలు అడవి జంతువులకు అంటుతాయని చెప్పి నిరాకరించారు. ఇంత తెలిసిన మనుషులు ఫిబ్రవరిలో ఒక ఆదివారం గుంపును మైపాడు తీరానికి, సరుగుడు తోటలు దాటి జనం తక్కువగా ఉండే ఇసుకలోకి తెచ్చి వదలడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్లు రాత్రివేళ మన తీరానికి వచ్చి, మూర లోతు గుంట తీసి, వంద దాకా గుడ్లు పెట్టి కప్పి వెళతాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వాటికి మొదటి షెడ్యూలులో, అంటే అత్యధిక రక్షణ ఉన్న జాబితాలో, స్థానమిచ్చింది. ఆ రోజు కర్రి ఇసుకలో ముక్కు దూర్చి తవ్వడం దూరం నుంచి చూసి, ఎండ్రకాయ కోసమేమో అనుకుని నేను నవ్వుకున్నాను. విజిల్ మోగింది. ఎన్నడూ లేనంత చురుగ్గా, ఒక్క పిలుపుకే వచ్చి ముందు కూర్చుంది, మూతికి పచ్చసొన పూసుకుని. గుంట దగ్గర టేబుల్ టెన్నిస్ బంతుల్లాంటి తెల్లటి గుడ్లు రెండు దొర్లి ఉన్నాయి, ఒకటి పగిలింది. అవి తాబేలు గుడ్లని వల బాగుచేసుకుంటున్న జాలరి చెప్పేదాకా నడిపించేవారిలో ఎవరికీ తెలియలేదు. తాబేళ్ల సంగతి పత్రికల్లో ఏటా చదివే నేను కూడా బయలుదేరేటప్పుడు నోరు మెదపలేదు, కనుక తప్పులో నాకూ వాటా ఉంది.

ఫిర్యాదు చేస్తే మొదట "గుంట కప్పేశాం కదా సార్" అన్నారు. కప్పిన గుంటను రాత్రికి వీధికుక్కలు వాసన పట్టి తవ్వుతాయని, అటవీ శాఖకు వెంటనే చెప్పవలసిందని నేను మళ్లీ రాస్తే, పది రోజుల దాకా జవాబు లేదు. ఆ కోపంతో నెలన్నర కర్రిని పంపలేదు. అది ఆదివారాలు తెల్లవారుజామునే గేటు దగ్గరికి వెళ్లి కూర్చునేది. ఈ ఏడాది వారు పంపిన కార్యక్రమ పట్టికలో డిసెంబరు నుంచి మే దాకా సముద్రతీరం ఎక్కడా లేదు. నరసింహకొండ వారాలకు డబ్బు కట్టాను, పిడుదుల దువ్వెన మాత్రం నేనే కొని వ్యానులో పెట్టి పంపుతున్నాను.