గంటల లెక్కన కాంట్రాక్టు పనా, కొత్త వృత్తా? లా చదివినవారికి ఏది మేలు?

లా పట్టా ఉంది, స్థిరమైన ఉద్యోగం లేదు. అప్పుడు తాత్కాలిక పనులకు మనుషులను పంపే ఏజెన్సీ నుంచి ఫోను వస్తుంది: "రెండు నెలల ప్రాజెక్టు ఉంది, సోమవారం చేరగలరా?" అద్దె గడువు దగ్గరపడ్డ మనిషి కాదనలేడు. నేనూ కాదనలేదు. అలా మూడు ప్రాజెక్టులు చేశాను.

పని చాలావరకు పత్రాల పరిశీలనే, అంటే దావాలో ఎదుటి పక్షానికి ఇవ్వాల్సిన పత్రాలను ముందుగా చదివి వడపోయడం. తెర మీద ఎడమవైపు ఒక ఈమెయిలు, కుడివైపు గడులు ఉంటాయి. కేసుకు సంబంధించిందా? న్యాయవాదికీ కక్షిదారుకూ మధ్య గోప్యమైనదా? గడి నొక్కి తర్వాతి పత్రానికి వెళ్లాలి. ఒకే ఉత్తరం, కింద ఒక్కో జవాబు చేరుతూ, పదకొండుసార్లు ఎదురవుతుంది. పదకొండుసార్లూ చదవాల్సిందే, ఎందుకంటే న్యాయవాది సలహా చివరి జవాబులో ఉండవచ్చు. అది కంటపడకపోతే కక్షిదారు రహస్యం ఎదుటి పక్షం చేతికి వెళ్తుంది. అందుకే ఈ పనిని నేను చిన్నచూపు చూడను.

కానీ ఇందులో మనం ఏం నేర్చుకుంటున్నాం? 2012లోనే న్యూయార్క్‌లోని ఒక ఫెడరల్ కోర్టు, పత్రాలను సాఫ్ట్‌వేర్‌తో వడపోయడానికి అనుమతి ఇచ్చింది. 2015లో ఒక కాంట్రాక్టు న్యాయవాది ఓవర్‌టైమ్ కోసం వేసిన దావా అప్పీళ్ల కోర్టుకు చేరింది. యంత్రం పూర్తిగా చేయగల పనిని చేస్తే అది న్యాయవాద వృత్తి కిందికి రాదని అక్కడ ఇరుపక్షాలూ ఒప్పుకున్నాయి. ఆ సంగతి చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

ఎవరో సెలవు పెడితే వారి స్థానంలో ఒక కంపెనీ న్యాయవిభాగంలో ఆరు నెలలు ఒప్పందాలు రాసే అవకాశం వస్తే మాత్రం వదులుకోవద్దు. అదీ తాత్కాలికమే, కానీ చేతికి పని వస్తుంది. బార్ పరీక్షకు చదువుకుంటున్నవారికీ, సొంత ప్రాక్టీసు నిలదొక్కుకునేదాకా నెట్టుకురావాల్సినవారికీ పత్రాల పరిశీలన కూడా ఆసరాయే. ఇబ్బందల్లా అది ఎప్పుడు ఆగిపోతుందో తెలియకపోవడం. కేసు రాజీ అయితే మధ్యాహ్నానికే కంప్యూటర్లు కట్టేయమంటారు. మర్నాటికి జీతం లేదు.

వృత్తి మారడం మరోరకం కష్టం. మనకంటే చిన్నవారి కింద మొదలుపెట్టాలి, చదివిన చదువు వృథా చేశావని ఇంట్లో అనిపించుకోవాలి. ఆ మాట నిజం కాదు. ఐరోపా సమాఖ్య డేటా రక్షణ చట్టం జీడీపీఆర్ 2018 మే 25 నుంచి అమలవుతోంది. కొన్ని రకాల సంస్థలు డేటా రక్షణ అధికారిని నియమించుకోవాలని అది చెబుతోంది. చట్టాన్ని జాగ్రత్తగా చదవగలగడం అక్కడ పెట్టుబడి. నిబంధనల అమలు విభాగాల్లోనూ, ఒప్పందాల నిర్వహణలోనూ అంతే. అయితే ముందే ఫీజు కట్టి ఏదో కోర్సులో చేరిపోకండి. ఆ పని చేస్తున్న ఇద్దరిని కలిసి, నిన్న పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఏం చేశారో అడగండి. వారు చెప్పేది వింటూ విసుగు పుడితే అది మీ దారి కాదు.

నేను వృత్తి మార్పు వైపే మొగ్గుతాను. కాంట్రాక్టు పని అక్కడికి చేరడానికి అయ్యే ఖర్చును భరించాలి, అదీ ముందే పెట్టుకున్న గడువు వరకే. మూడో ప్రాజెక్టు మొదటిరోజే క్యాలెండర్‌లో ఒక తేదీ చుట్టూ సున్నా చుట్టాను. ఆ తేదీ దగ్గరపడ్డాక మరో నెల పొడిగిస్తామని ఏజెన్సీవారు ఫోను చేశారు. ఈసారి కాదన్నాను.