అంటార్కిటికా క్రూజ్‌కి డబ్బు కట్టే ముందు షిప్‌లో ఎంతమంది ఎక్కుతారో అడగండి

ఈ జనవరిలో నేను, మా అమ్మ అంటార్కిటికా వెళ్లొచ్చాం. నాలుగేళ్లు కూడబెట్టుకున్న డబ్బు. రిటైరైనప్పటి నుంచి అమ్మ నోరు తెరిచి అడిగిన కోరిక ఇదొక్కటే. మాకు జరిగింది ఇంకొకరికి జరగకూడదని రాస్తున్నాను.

ఏజెంటు చెప్పింది పది రోజుల ట్రిప్పు, రోజుకి రెండుసార్లు ఒడ్డుకు దిగడం. అర్జెంటీనా దక్షిణ కొసన ఉన్న ఉషుయాయా రేవులో సాయంత్రం ఎక్కించి, చివరి రోజు పొద్దున్నే దించేస్తారు. దక్షిణ అమెరికాకి, అంటార్కిటికాకి మధ్య ఉండే అల్లకల్లోలమైన సముద్రం డ్రేక్ పాసేజ్ దాటడానికి పోను రెండు రోజులు, రాను రెండు రోజులు. అక్కడ గడిపేది నాలుగు రోజులే. ఈ లెక్క మాకు ఎవరూ చెప్పలేదు. డ్రేక్‌లో అమ్మ మంచం దిగలేకపోయింది, దానికి ఎవరినీ తప్పుపట్టను. సముద్రం తీరే అంత.

అసలు దెబ్బ వేరే ఉంది. మా షిప్‌లో నాలుగు వందల పైచిలుకు జనం. అంటార్కిటికాలో ఒక చోట ఒకేసారి వంద మందికి మించి ప్రయాణికులు ఒడ్డున ఉండకూడదు. ఐదు వందలు దాటిన షిప్పయితే ఒక్కరినీ దించకూడదు. అంటార్కిటికా ఒప్పందంలో ఉన్న దేశాలు 2009లో పెట్టుకున్న నియమం ఇది. చాలా మంచి నియమం, పెంగ్విన్లు బతకాలంటే ఉండాల్సిందే. కానీ నాలుగు వందల మందంటే వంతులు తప్పవు.

నేకో హార్బర్ అనే చోట దిగడానికి మా గుంపు వంతు నాలుగోది. ముందురోజు రాత్రి అమ్మ కళ్లజోడు పెట్టుకుని, గ్లౌజుల వెల్క్రోలో ఇరుక్కున్న గడ్డి గింజల్ని పట్టకారుతో ఒక్కొక్కటీ ఏరింది. బయటి విత్తనం ఒక్కటి కూడా అక్కడ పడకూడదు కదా. తెల్లారి బూట్లు, పార్కా (మందపాటి చలికోటు), లైఫ్ జాకెట్ అన్నీ వేసుకుని కింది డెక్‌లో బెంచీ మీద గంటకు పైగా కూర్చున్నాం. మా ముందు గుంపు తిరిగొస్తుండగా గాలి లేచింది. దింపడం ఆపేస్తున్నామని మైకులో చెప్పారు. అమ్మ ఏమీ అనలేదు. జాకెట్ బకిల్ విప్పమని నా వైపు తిరిగింది, అంతే.

మొత్తం మీద మేం నేల మీద కాలు పెట్టింది రెండుసార్లు, అదీ గంట లోపు. మిగతాప్పుడు జోడియాక్ రబ్బరు పడవలో ఎక్కించి మంచు గడ్డల మధ్య తిప్పారు. బాగుంటుంది, కాదనను. కానీ ఏజెంటు దాన్ని కూడా "దిగడం" లెక్కలోనే వేశాడు! ఫోన్ చేసి అడిగితే వాతావరణం మా చేతిలో లేదండీ అన్నాడు. నేను వాతావరణం సంగతి అడగలేదు. షిప్‌లో ఎంతమంది పడతారో ఆయనకు ముందే తెలుసు, అది ఎందుకు దాచారని అడిగాను.

ఇన్సూరెన్స్ కూడా చూసుకోండి. ఆయన ఇప్పించిన పాలసీలో ఎమర్జెన్సీ తరలింపు ఖర్చు లేదు. షిప్ కంపెనీ అది లేనిదే ఎక్కనివ్వమంది. ఆఖరి నిమిషంలో టెన్షన్‌తో ఇంకో పాలసీ కొన్నాం.

రెండు వందల లోపు మంది ఎక్కే షిప్పులు ఉన్నాయి. ఖరీదు ఎక్కువైనా వాటినే చూడండి. ఒక్కొక్కరికి రోజుకి ఎన్నిసార్లు నేల మీద దిగే వీలుంటుందో ఏజెంటు చేత మెయిల్‌లో రాయించుకోండి. ఫోన్లో చెప్పింది నమ్మి నేను మోసపోయాను. వచ్చే సీజన్ నవంబరులో మొదలవుతుంది. అడ్వాన్సు కట్టబోయేవాళ్లు ఎవరైనా ఉంటే షిప్ పేరు కింద రాయండి, అందులో ఎంతమంది పడతారో కలిసి చూద్దాం.