సెమిస్టర్ మధ్యలో బ్యాచ్‌లు మార్చాలంటే మూడుల్ ఎలా ఉంది?

కాలేజీ కోర్సులు ఆన్‌లైన్‌లో నడిపే సాఫ్ట్‌వేర్ మూడుల్ మీద రివ్యూలు చాలా చదివాను. వీడియో ఎలా పెట్టాలి, క్విజ్ ఎలా తయారుచేయాలి, అంతవరకే. సగం సెమిస్టర్ అయ్యాక ఒక కుర్రాణ్ణి ఏ1 బ్యాచ్ నుంచి ఏ2కి మారిస్తే వాడి పాత పనంతా ఏమవుతుందో ఎక్కడా కనిపించలేదు. గుంటూరు దగ్గర ఒక ఇంజినీరింగ్ కాలేజీలో సెకండియర్ ల్యాబ్‌లు చూసే నాకు కావాల్సింది అదే.

మా దగ్గర మార్పులకు లోటు లేదు. ఈసెట్ రాసి డిప్లొమా నుంచి నేరుగా సెకండియర్‌లోకి వచ్చేవాళ్లు క్లాసులు మొదలయ్యాక చేరతారు. విజయవాడ నుంచి రోజూ బస్సులో వచ్చే పిల్లలు పొద్దుటి ల్యాబ్ వద్దంటారు. ప్రాజెక్ట్ టీమ్‌లో ఇద్దరికి పడదు, ఒకడు బయటికి వచ్చేస్తాడు. మొదటి మిడ్ అయ్యాక హెచ్‌ఓడీ గారు పిలిచి, "ఒక్కడే కదా మేడమ్, మార్చేయండి" అంటారు.

ఇంతకుముందు డబ్బు కట్టి వాడిన యాప్ ఒకటుంది, పేరెందుకు లెండి. అందులో బ్యాచ్ మార్చాలంటే కంపెనీకి మెయిల్ పెట్టి ఎదురుచూడాలి. వాళ్లు చేసేదల్లా పాత బ్యాచ్‌లో పేరు కొట్టేసి కొత్తదాంట్లో మళ్లీ చేర్చడం. పాత మార్కులేవని అడిగితే "చెక్ చేసి చెప్తాం మేడమ్". ఇంటర్నల్ మార్కులు పంపాల్సిన వారంలో ఆ మాట వింటే ఎంత టెన్షనో పడ్డవాళ్లకే తెలుసు.

మూడుల్‌లో ఆ తిప్పలు లేవు. 2002లో ఆస్ట్రేలియాకు చెందిన మార్టిన్ డూగియామస్ విడుదల చేసిన ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఇది. లైసెన్సుకు పైసా కట్టక్కర్లేదు. సర్వర్, దాన్ని చూసుకునే మనిషి, ఆ ఖర్చులు మాత్రం మనవే. మనం బ్యాచ్ అనేదాన్ని ఇందులో గ్రూప్‌గా పెట్టుకుంటాం. పార్టిసిపెంట్స్ పేజీలో విద్యార్థి పేరున్న వరుసలో గ్రూప్ గడిలో చిన్న పెన్సిల్ గుర్తు ఉంటుంది. అది నొక్కి ఏ1 తీసేసి, ఏ2 ఎంచుకుని సేవ్ చేస్తే అయిపోయింది. కోర్సులోంచి తీసి మళ్లీ చేర్చే పనే లేదు కాబట్టి పాత మార్కులు ఎక్కడివక్కడే ఉంటాయి.

ఇక అసలు సంగతి. విద్యార్థి పేరు మీద నమోదైనవి వాడితోపాటే వస్తాయి. గ్రూప్ పేరు మీద నమోదైనవి పాత గ్రూప్‌లోనే ఉండిపోతాయి. మొదటిదానికి ఉదాహరణ క్విజ్. ఏ1కి మంగళవారం, ఏ2కి గురువారం క్విజ్ పెట్టాననుకోండి. మంగళవారం రాసినవాణ్ణి బుధవారం మార్చినా ఆ అటెంప్ట్ వాడిదే. ఒక్క అటెంప్టే ఇచ్చి ఉంటే గురువారం మళ్లీ రాయలేడు. ఇంకా రాయనివాడైతే, ఏ2 గ్రూప్‌కి ఓవర్‌రైడ్‌తో (ఒక గ్రూప్‌కి విడిగా టైము పెట్టే సెట్టింగ్) ఇచ్చిన టైమే వాడికీ వర్తిస్తుంది. ఇది చక్కగా ఉంది.

గ్రూప్ అసైన్‌మెంట్ దగ్గర కథ వేరు. అక్కడ ఫైలు టీమ్ పేరు మీద ఉంటుంది. నేను మార్కులు వేయకముందే కుర్రాడు టీమ్ మారాడంటే, వాడికి కొత్త టీమ్ ఫైలు కనిపిస్తుంది, గ్రూప్ మొత్తానికీ వేసే మార్కుల్లో వాడికీ కొత్త టీమ్ మార్కే పడుతుంది. నెలరోజులు కూర్చుని కోడ్ రాసింది ఒకచోట, మార్కు ఇంకోచోట. ముందే మార్కులు వేసి ఉంటే అవి వాడి పేరు మీద భద్రంగా ఉంటాయి. అందుకే దిద్దడం పూర్తయ్యేదాకా ఎవరు ఎంత బతిమాలినా నేను టీమ్ మార్చను. పోనీ కొన్నాళ్లు రెండు టీముల్లోనూ ఉంచుదామంటే, ఆ అసైన్‌మెంట్‌లో వాణ్ణి ఆ రెండు టీముల్లో దేని కిందా లెక్కించదు, సెట్టింగును బట్టి సబ్మిట్ కూడా చేయనివ్వదు. ల్యాబ్ బ్యాచ్‌లకు ఒక గ్రూపింగ్ (కొన్ని గ్రూపులను కలిపిన కట్ట), ప్రాజెక్ట్ టీములకు ఇంకో గ్రూపింగ్ పెట్టుకుంటే ఈ గొడవ చాలావరకు తప్పుతుంది. బస్సు టైము కోసం ల్యాబ్ మారినవాడి ప్రాజెక్ట్ కదలదు.

ఫోరంలో సెపరేట్ గ్రూప్స్ (ఒక గ్రూప్ రాసింది ఇంకో గ్రూప్‌కి కనబడని సెట్టింగ్) పెట్టి ఉంటే, మారినవాడికి పాత బ్యాచ్‌లో తను అడిగిన సందేహాలు కూడా కనిపించవు. విజిబుల్ గ్రూప్స్ అని పెడితే కనీసం చదువుకోగలడు. సందేహాల ఫోరంలో దాచేదేముంది, నేను అలాగే పెట్టాను.

నాకు బొత్తిగా నచ్చనిది కోహార్ట్‌ల (కోర్సుకి బయట అడ్మిన్ పెట్టే విద్యార్థుల జాబితాల) వ్యవహారం. ఆఫీసువాళ్లు సెక్షన్ లిస్టును కోహార్ట్‌గా ఎక్కించి గ్రూప్‌తో ముడిపెడితే, ఆ గ్రూప్‌లోంచి పేరు తీయడం టీచర్ చేతిలో ఉండదు. అడ్మినే కోహార్ట్ మార్చాలి. అక్కడా వరుస ముఖ్యం. ముందు కొత్త కోహార్ట్‌లో చేర్చి, ఆ తర్వాతే పాతదాంట్లోంచి తీయాలి. తలకిందులుగా చేస్తే మామూలు సెట్టింగుల్లో పిల్లాడు కోర్సులోంచే బయటికి పోతాడు, గ్రేడ్‌బుక్‌లో మార్కులూ కనబడవు. మాన్యువల్‌గా తిరిగి చేర్చేటప్పుడు పాత గ్రేడ్లు రికవర్ చేసే ఆప్షన్ ఉంది, టిక్ పెట్టడం మరవకూడదు.

పెన్సిల్ గుర్తు నొక్కి సేవ్ చేసేటప్పుడు "ఈ విద్యార్థి టీమ్ ఫైలుకు ఇంకా మార్కులు వేయలేదు" అని ఒక్క లైను చూపిస్తే ఐదుకి ఐదూ ఇచ్చేదాన్ని. ప్రస్తుతానికి నాలుగు. మూడు నాలుగు సెక్షన్లు, ల్యాబ్ బ్యాచ్‌లు ఉన్న కాలేజీలకు ధైర్యంగా చెప్తాను, పెట్టుకోండి. గుంటూరు బ్రాడీపేటలో ముప్పైమందితో ట్యూషన్ నడిపేవాళ్లకు మాత్రం సర్వర్ తలనొప్పి ఎందుకు, వాట్సాప్ గ్రూపులు రెండు చాలు.