లింకు మారదు, లోపలి ఫైలు మారుతుంది

రామప్ప గుడి శిల్పాల ఫోటోలతో ప్రెజెంటేషన్ చేస్తే ఫైలు వంద ఎంబీకి తగ్గదు. జీమెయిల్‌లో 25 ఎంబీ దాటితే అది దానంతటదే గూగుల్ డ్రైవ్‌లోకి వెళ్లి, మెయిల్‌లో లింకు మాత్రమే మిగులుతుందని అందరికీ తెలుసు. చాలాకాలం ఆ లింకు నాకు గిట్టలేదు. ఇప్పుడు అటాచ్‌మెంటే గిట్టడం లేదు. కారణం ఒక్కటే: డ్రైవ్‌లో వెర్షన్ మార్చే సదుపాయం.

హనుమకొండలోని ఒక కాలేజీలో ప్రసంగానికి ముందురోజే ఫైలు పంపాను. రాత్రి భోజనాలయ్యాక నిర్వాహకురాలు ఫోన్ చేసి, "సార్, పునాది కింది ఇసుక గురించి, నీటిలో తేలే ఇటుకల గురించి కూడా మన పిల్లలకు చెప్పండి" అన్నారు. స్లైడ్లు చేర్చాను. ఇదివరకైతే ఇంకో మెయిల్, దానికి 'ఇదే చివరిది' అని శీర్షిక, తీరా మర్నాడు ప్రొజెక్టర్ మీద పాతదే ప్రత్యక్షం. ఈసారి డ్రైవ్‌లో ఆ ఫైలు వెర్షన్ల జాబితా తెరిచి, కొత్తదాన్ని అక్కడే ఎక్కించాను. లింకు అదే. పొద్దున ఆవిడ పాత మెయిల్‌నే తెరిస్తే ఇటుకల స్లైడుతో సహా అన్నీ వచ్చాయి! పాత ప్రతి కూడా ముప్పై రోజులు అక్కడే ఉంటుంది.

అయితే అవతలివారు ముందే డౌన్‌లోడ్ చేసుకుని ఉంటే ఫోన్ చేయక తప్పదు, వారి కంప్యూటర్‌లోని ప్రతి మారదు. అనుమతి ఒక్కరి చిరునామాకే ఇస్తే, వారు మెయిల్‌ను ల్యాబ్‌వాళ్లకు పంపినప్పుడు ఫైలు తెరుచుకోదు. అనుమతి కోరే మెయిల్ మనకు వచ్చేసరికి మనం కాజీపేటలో రైలెక్కి ఉంటే, అక్కడ సభ ఆగిపోతుంది. అందుకే లింకు ఉన్న ఎవరైనా చూడవచ్చనే అమరికే పెడుతున్నాను. నావి గుడి ఫోటోలు, దాచేదేమీ లేదు. జీతాల లెక్కలో, రోగుల వివరాలో పంపేవారికి అది తగదు.

ఇంట్లో ఫైబర్ కనెక్షన్ ఉంది కనుక నాకు ఇది నడుస్తోంది. ములుగు వైపు సిగ్నల్ సరిగా అందని బడులకు మాత్రం ఇప్పటికీ అటాచ్‌మెంటే పంపుతాను. జిప్ చేసి లాభం లేదు, పీపీటీఎక్స్ (పవర్‌పాయింట్ ఫైలు) లోపల ముందే కుదించిన జిప్. పవర్‌పాయింట్‌లో బొమ్మలను 150 పీపీఐకి (అంగుళానికి 150 చుక్కలకు) కుదించి, కత్తిరించిన భాగాలు తీసేయిస్తే చాలా తగ్గుతుంది. మెయిల్‌లో వెళ్లేటప్పుడు ఫైలు దాదాపు మూడో వంతు పెరుగుతుంది కాబట్టి 18 ఎంబీ లోపే ఉంచుతాను. కానీ అంత కుదిస్తే మదనికల, అంటే గుడి బయటి స్త్రీ శిల్పాల, నగల చెక్కుడు పెద్ద తెర మీద మసకబారుతుంది. దానికి మాత్రం నా మనసొప్పదు.