నెలసరి ఆగినవారికి అమ్ముతున్న ‘హార్మోన్ ప్యాకేజీ’తో జాగ్రత్త

కూకట్‌పల్లిలో మా అక్క ఉండే అపార్ట్‌మెంటుకు ఒక సంస్థ వాళ్లు వచ్చి ‘ఉచిత ఎముకల పరీక్ష’ పెట్టారు. అక్కకు 52 ఏళ్లు, నెలసరి ఆగి రెండేళ్లు దాటింది. మడమను ఒక చిన్న యంత్రంలో పెట్టించి, ఎముకలు గుల్లబారాయని, ఇలాగే వదిలేస్తే తుంటి విరుగుతుందని భయపెట్టారు. ఆరు నెలల ‘హార్మోన్ ప్యాకేజీ’ని 18,000 రూపాయలకు అంటగట్టారు. పొడి, మాత్రలు, ఫోనులో సలహాలు. డబ్బా మీద తయారీదారు చిరునామా లేదు, లైసెన్సు సంఖ్యా లేదు. బిల్లు అడిగితే తెల్లకాగితం మీద రాసిచ్చారు.

డబ్బు సంగతి అలా ఉంచండి. కొన్నాళ్లు వాడాక అక్కకు మళ్లీ రక్తస్రావం కనిపించింది. ఫోను చేస్తే ఆ సలహాదారు, “మంచిదేనండీ, హార్మోన్లు తిరిగి వస్తున్నాయి, మందు పట్టింది. ఆపకుండా వాడండి” అన్నది!

ఈ మాట మీకెవరైనా చెబితే నమ్మకండి. వరుసగా 12 నెలలు నెలసరి రాకపోతే దాన్ని మెనోపాజ్ అంటారు. ఆ తర్వాత ఒక్క చుక్క కనిపించినా డాక్టరు చూడవలసిందే. ఎక్కువమందిలో గర్భాశయం లోపలి పొర పలచబడటమో, పాలిప్ అనే చిన్న కండ పెరగడమో కారణమవుతుంది. కానీ గర్భాశయ లోపొర క్యాన్సర్ మొదట బయటపడేదీ సాధారణంగా ఇలాగే. తొందరగా పట్టుకుంటే చాలావరకు నయమయ్యే జబ్బు అది. అలాంటి సూచనను మందు గొప్పతనంగా చెప్పి ఆడమనిషిని ఇంట్లో కూర్చోబెట్టడం ఎంత దుర్మార్గం!

గైనకాలజిస్టు అల్ట్రాసౌండులో లోపొర మందం చూసి, చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. ఫలితం వచ్చేదాకా ఇంట్లో ఎవరికీ అన్నం సహించలేదు. పాలిప్ అని తేలింది, తీసేశారు. పొడిలో ఏముందో తెలియనప్పుడు ముట్టుకోవద్దన్నారు. గర్భాశయం ఉన్నవారు ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ ఒక్కటే వాడితే లోపొర మందమై క్యాన్సర్ ముప్పు పెరుగుతుందట. అందుకే డాక్టర్లు దానితోపాటు లోపొర మందం కాకుండా కాపాడే ప్రొజెస్టోజెన్ కూడా ఇస్తారు. రొమ్ము క్యాన్సర్ వచ్చిందా, ఎప్పుడైనా రక్తనాళాల్లో గడ్డలు కట్టాయా అని అడిగి మరీ రాస్తారు. ప్యాకేజీ వాళ్లు వయసు తప్ప ఏమీ అడగలేదు.

నెలసరి ఆగిన మొదటి కొన్నేళ్లలో ఎముక వేగంగా తరిగే మాట నిజమే. ఆ నిజాన్ని అడ్డం పెట్టుకునే వీళ్ల వ్యాపారం. ఎముకలు గుల్లబారే జబ్బు, అంటే ఆస్టియోపొరోసిస్, ఉందో లేదో తేల్చడానికి తుంటికి, వెన్నుకు ఎముక సాంద్రత కొలిచే డెక్సా స్కాన్ తీస్తారు. అందులో వచ్చే టి స్కోరు (ఆరోగ్యంగా ఉన్న యువతుల ఎముకతో పోల్చి చెప్పే అంకె) మైనస్ 2.5 గానీ అంతకన్నా తక్కువ గానీ ఉంటే ఉన్నట్టు. మడమ యంత్రం అంకె ఒక్కటే చాలదు. అక్క డెక్సాలో ఆ స్థాయికి రాలేదు.

వేడి ఆవిర్లు, నిద్రలేమి ఎంత బాధపెడతాయో నాకు తెలుసు. ఖర్చుకు వెనకాడేవారు కోఠి, పేట్లబురుజు ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రుల్లో గానీ, గాంధీలో గానీ చూపించుకోవచ్చు.

వాళ్లు డబ్బు తిరిగి ఇవ్వలేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాం. ఇలాంటి డబ్బా మీ ఇంట్లో ఉంటే వాడకం ఆపండి, కానీ పారేయకండి. రసీదు, వాళ్లు పంపిన సందేశాలు కూడా దాచండి, ఫిర్యాదుకు అవి కావాలి.