వంద పౌండ్లలోపు పాత డన్‌హిల్ పైపు: కొన్నేళ్ళు వాడాక

డన్‌హిల్ పొగాకు పైపులకు పేరున్న ఇంగ్లిష్ కంపెనీ. దాని కొత్త షెల్ బ్రయర్ (బ్రయర్ చెక్కతో చేసిన గరుకు పైపు) కొనాలంటే లండన్‌లో కొన్ని వందల పౌండ్లు వదిలించుకోవాలి. నాకు అంత స్తోమత లేదు. వంద దాటకూడదని గిరి గీసుకుని, ఇంగ్లండ్‌లోనే పాత పైపులు అమ్మే ఒకాయన దగ్గర వాడిన పైపు తీసుకున్నాను. కొన్నేళ్ళుగా వారాంతాల్లో ఎక్కువగా తాగేది దీన్నే.

అంత తక్కువకు రావడానికి కారణం దాని వాలకం. నోట్లో పెట్టుకునే స్టెమ్ నలుపు పోయి పసుపు, ఆకుపచ్చ కలిసిన రంగుకు తిరిగింది. దాని మీద పళ్ళ గాట్లు. పొగాకు కూరే బౌల్ అంచు నిండా గట్టిపడిన తారు. అడుగున కంపెనీ కొట్టిన అచ్చు సగం అరిగిపోయింది. కలెక్టర్లు ఇలాంటివాటి జోలికి రారు, అందుకే ధర పడిపోతుంది. పొగకు మాత్రం ఈ లోపాలతో సంబంధమే లేదు. బడ్జెట్ తక్కువున్నవాళ్ళు వెతకాల్సింది సరిగ్గా ఇలాంటి సరుకునే.

వదిలేయాల్సిన లోపాలు వేరే ఉన్నాయి. బౌల్ లోపలి గోడకు లోతైన పగుళ్ళు, బయట ఒకచోట కమిలినట్టు నల్లమచ్చ, స్టెమ్ దూరే చోట చెక్క చీలిక, ఈ మూడింటిలో ఏది కనిపించినా ఎంత చవకైనా వద్దు. షెల్ రకంలో ఇంకా జాగ్రత్త కావాలి. ఇసుక ఊది మెత్తటి చెక్కను తొలిచేసి, గట్టి గీతలను మిగల్చడం షెల్ పద్ధతి. డన్‌హిల్ దీని పేటెంట్‌కు 1917లో దరఖాస్తు చేసింది. ఆ గరుకులో గీతలు, మరకలు కలిసిపోతాయి, అది మనకు లాభం. పగుళ్ళు కూడా అలాగే కలిసిపోతాయి. అందుకే స్టెమ్ ఊడదీసి ఒక ఫొటో, బౌల్ లోపలికి టార్చ్ కొట్టి ఇంకో ఫొటో అడిగి తెప్పించుకున్నా. ఫొటోలు పంపడానికి నసిగేవాళ్ళతో బేరం పెట్టుకోకండి.

స్టెమ్ అసలుదేనా అన్నది మరో తలనొప్పి. డన్‌హిల్ గుర్తు స్టెమ్ మీద ఉండే తెల్లచుక్క. వేరే స్టెమ్ తగిలించి చుక్క పెట్టి అమ్మేవాళ్ళూ ఉన్నారు. స్టెమ్, చెక్క కలిసేచోట గోటితో రాస్తే మెట్టు తగలకూడదు. నా పైపుకి తగల్లేదు. అచ్చులో మిగిలిన భాగం కూడా కలిసొచ్చింది. వలయంలో 4, పక్కన ఎస్ అంటే మధ్యస్థ సైజు షెల్ అని. మేడ్ ఇన్ ఇంగ్లండ్ చివర గీత మీద చిన్న 12 ఉంది. దాన్ని 1960కి కలిపితే 1972. నాకంటే పెద్దది!

శుభ్రం చేయడానికి ఓపిక కావాలి. లోపల పేరుకున్న మసిని నాణెం మందం మిగిలేలా గీకేశా. బౌల్‌లో దూది కుక్కి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పోసి రాత్రంతా ఉంచితే పొద్దున్నకి దూది టీ డికాషన్ రంగుకొచ్చింది. ఇంత చేసినా మొదటిసారి వెలిగిస్తే సబ్బు ముక్క నోట్లో పెట్టుకున్నట్టుంది. పాత యజమాని ఇంగ్లండ్‌లోని కెండాల్ ఊరి వైపు తయారయ్యే పూలవాసన పొగాకు తాగేవాడని అప్పుడర్థమైంది. ఆ వాసన చెక్కలోకి ఇంకిపోతుంది. ఆల్కహాల్ దూది ఇంకా రెండు మూడు రాత్రులు పెట్టాక, వర్జీనియా రకం పొగాకు వరసగా తాగగా తాగగా వదిలింది. అమ్మినాయన ప్రకటనలో దీని మాటే ఎత్తలేదు. ఎవరి దగ్గర కొన్నా ముందే అడగండి.

పొగ సంగతికొస్తే, చివరిదాకా పొడిగా, వేడెక్కకుండా కాలుతుంది. మధ్యలో గుడగుడమని తడి చప్పుడు దాదాపు రాదు. ముదురు వర్జీనియా ఫ్లేక్ (అదిమి పలచగా కోసిన పొగాకు) వేస్తే మా ఒంగోలు వైపు బ్యారన్లలో, అంటే పొగాకును వేడితో ఆరబెట్టే కొట్టాల్లో, ఆకు కాల్చేటప్పటి తీపి వాసన లీలగా వస్తుంది. అది మా ఊరి మీది మమకారం కూడా అయ్యుండొచ్చు. కానీ డబ్బంతా ఎక్కడికి పోయిందో తెలిసేది మాత్రం స్టెమ్ దగ్గరే. పళ్ళ మధ్య పలచగా కూర్చుంటుంది. చేతులు ఖాళీ లేకపోతే అరగంట అలా పట్టుకున్నా దవడ నొప్పెట్టదు.

విసిగించేదీ ఆ స్టెమ్మే. అది వల్కనైట్, అంటే గంధకం కలిపి గట్టిపరిచిన రబ్బరు. ఎండ తగిలితే మళ్ళీ పచ్చబారుతుంది. కిటికీ పక్కన పెట్టకూడదు, తాగాక తడిబట్టతో తుడవాలి, అప్పుడప్పుడూ సన్నటి ఎమెరీ పేపర్ తడిపి, చుక్కకు తగలకుండా రుద్దాలి. ఇంత సేవ చేయలేనంటే యాక్రిలిక్ (ఒక రకం ప్లాస్టిక్) స్టెమ్ ఉన్న ఇటలీ కంపెనీ సావినెల్లి పైపు హాయి. నా దగ్గర అదీ ఉంది. పళ్ళకు కాస్త గట్టిగా తగులుతుంది తప్ప పొగలో తేడా ధరలో ఉన్నంత లేదు.

పైపు పొగ మింగరు కాబట్టి ఫర్వాలేదనే కబుర్లు నమ్మకండి. నోటికీ గొంతుకీ హాని ఉంది. తెలిసే తాగుతున్నా.

వంద పౌండ్లు కూడా ఎక్కువనిపిస్తే తెల్లచుక్క మీద ఆశ వదులుకుని సాసియేని చూడండి. జోయల్ సాసియేని డన్‌హిల్‌లో పనిచేసి, బయటికొచ్చి 1919లో పెట్టిన కంపెనీ అది. లేదా ఇంకో ఇంగ్లిష్ పైపుల బ్రాండ్, పాత కోమాయ్స్. స్టెమ్ మీద సి అక్షరం పైపైన అచ్చు కొట్టింది కాకుండా, ముక్కలు పొదిగి చేసినదైతే పాత సరుకు. నా తర్వాతి కొనుగోలు ఆ కోమాయ్సే, ఈసారి గిరి అరవై పౌండ్లు.