గ్యాస్ లీకైతే: ముక్కును నమ్మాలా, అలారాన్నా?

వంటగ్యాస్‌కు సొంతంగా వాసన లేదు. లీకైతే తెలియాలనే ఇథైల్ మెర్‌కాప్టన్ అనే ఘాటు వాసన రసాయనం కలుపుతారు. ఆ ఘాటు పసిగట్టడానికి ముక్కు చాలు, పైసా ఖర్చు లేదు. కానీ జలుబు చేసినప్పుడు, నిద్రలో ఉన్నప్పుడు ముక్కును నమ్మలేం. మా అమ్మకు వయసుతో వాసన తెలియడం తగ్గింది. నా టెన్షన్ అదే.

అలారం రాత్రంతా మేలుకునే ఉంటుంది, కరెంటు ఉన్నంతసేపు. దాన్ని ఎక్కడ బిగించామన్నదే ముఖ్యం. సిలిండర్ గ్యాస్ గాలికన్నా బరువు, కిందకు దిగుతుంది. కాబట్టి నేల నుంచి అడుగు ఎత్తులో పెట్టాలి. పైపు గ్యాస్ తేలిక, దానికైతే సీలింగ్ దగ్గర.

పెద్దవాళ్లున్న ఇంటికి అలారం కొనమనే చెబుతాను. మోగితే ఏ స్విచ్చూ ముట్టుకోకుండా రెగ్యులేటర్ ఆపి, కిటికీలు తెరిచి, బయటికొచ్చాకే సిలిండర్ గ్యాస్ లీకుల హెల్ప్‌లైన్ 1906కు ఫోన్ చేయండి.